బాపు బిగించిన చిక్కుడు తీగ

మొక్కలు పెంచితే పిల్లలకు ఓర్పు అలవడుతుందని మా అక్క కూతురి బడిలో టీచర్ చెప్పిందట. మా నాన్నను, అదే బాపును కూడా ఆ క్లాసులో చేర్పించాల్సిందని మాకు ఆలస్యంగా తెలిసింది.

గల్లీ గల్లీలో హిందీ వినబడే నాగావ్‌లో మా ఇల్లు మగ్గాల షెడ్డు పైనే. కింద మగ్గాలు నడుస్తుంటే పైన మంచాలు కూడా డ్యూటీలో ఉన్నట్టే వణుకుతాయి. అక్కావాళ్లు పక్క గల్లీలో ఉంటారు. ఆరేళ్ల పిల్లది బడి వదలగానే మా టెర్రస్ ఎక్కుతుంది. అక్కడ పాత రంగు బకెట్లో చిక్కుడు గింజ పెట్టింది. అది మొలిచి తీగ సాగుతుంటే షెడ్డులోంచి నూలు తెచ్చి, ఒక కొస మొక్కకు, ఇంకో కొస బట్టలారేసే తాడుకు కట్టింది. బాగా వదులుగా కట్టింది.

బాపు బతుకంతా మగ్గాల మధ్యే గడిచింది. వదులు పోగు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. పొద్దున పళ్లు తోముకుంటూ పైకెళ్లి, ఆ నూలును మగ్గం మీది పడుగులా బిగించి, వేలితో మీటి చూసుకొని తృప్తిగా దిగివచ్చాడు. తర్వాత అమ్మ అదే తాడు మీద దుప్పట్లు ఆరేసింది. గాలికి అవి ఊగినప్పుడల్లా తాడు మొక్కను పైకి గుంజింది. సాయంత్రానికి వేళ్లు సగం బయటపడ్డాయి.

"తాతా, కిస్ నే ఖీంచా? ఎవరు గుంజిన్రు?"

"వదులుగుండె బిడ్డా. జర బిగించిన."

"తాడు ఊగుతది. గందుకే ఢీలా పెట్టిన. ఇది మగ్గం మీది కపడా కాదు."

"అయ్యో, మొక్క పాయె" అని అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. రెండో చేత్తో దుప్పట్లు తీస్తూనే ఉంది. సంతాపసభ పెడదామా అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

"సచ్చిపోతదా మామా?" అంది పిల్లది.

"తెల్వదు" అన్నాను. నాకు నిజంగానే తెలియదు.

పిల్లది వేళ్లను మన్నులో పెట్టి బొటనవేళ్లతో అదిమింది. మర్నాడు ఆకులు వాలిపోయాయి. బాపు చెంబుతో వచ్చాడు.

"వద్దు. మన్ను తడిగనే ఉంది, వేలు పెట్టి చూడు."

బాపు వేలు పెట్టి చూశాడు. "అవు. మరేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు."

మగ్గం ఆగితే పానా పట్టుకొని ఉరికే మనిషికి ఇంత కష్టమైన పని ఎవరూ చెప్పి ఉండరు. అయినా రోజూ పైకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, ఆసుపత్రిలో చుట్టాన్ని చూసినట్టు చూసిపోయేవాడు.

కొన్నాళ్లకు కొసన కొత్త ఆకు విప్పుకుంది. పిల్లది తాతను పిలిచి, మన్ను ఆరిందో లేదో ఆయన చేతే చూపించి, నీళ్ల మగ్గు చేతికిచ్చింది.

"మొక్క మొదట్ల పొయ్యి. మెల్లగ."

బాపు మెల్లగా పోశాడు. పోస్తూ నూలు వైపు చూశాడు.

"శాన వదులున్నది."

"తాతా."

"ఉత్తగనే అన్న. ముట్టుకోలే."