జప్తు అంటేనే తిరిగొచ్చిన పాప

2022 వేసవి. పంజాగుట్టలో ఒక చీరల దుకాణం వెనక, మూడో అంతస్తులో నా ఆఫీసు. లిఫ్టు ఎప్పటిలాగే చెడిపోయి ఉంది. సరిత మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పది దినాలల్ల తోల్కొస్తనని మా ఆయన నా బిడ్డను మస్కట్ తీస్కపోయిండు మేడం. నాలుగు నెల్లాయె."

ఆమె మైత్రీవనం పక్కన ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతుంది. భర్తకు మస్కట్‌లో ఉద్యోగం. చెయ్యి చేసుకుంటాడని ఆమె విడిగా ఉంటోంది. పాప హారికకు ఏడేళ్లు. భార్యను కొట్టిన చెయ్యి పాపను వదులుతుందా అన్నదే మా భయం.

హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశాను. అంటే, ఫలానా మనిషిని మా ముందు హాజరుపరచండని కోర్టు చేత చెప్పించే పిటిషన్. పిల్ల విదేశంలో ఉన్నా సరే, ఆమెకు పెద్ద దిక్కుగా నిలిచే అధికారం కోర్టుకు ఉంది. దాన్ని మేం పేరెన్స్ పాట్రియే అంటాం. పేరు ఘనంగానే ఉంటుంది. కానీ పిల్లల్ని వెనక్కి పంపే అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు. ఇక్కడి ఉత్తర్వును అక్కడ అమలు చేసే నాథుడు లేడు.

మొదటి వాయిదాలోనే అవతలి లాయరు తియ్యగా, ప్రతి ఆదివారం వీడియో కాల్ చేయిస్తామన్నాడు. ఇది మా వృత్తిలో పాత ఎత్తు. తల్లి పిల్లను చూస్తోంది కదా అని కోర్టుకు తొందర తగ్గిపోతుంది. ఒప్పుకోవద్దని సరిత చెవిలో చెప్పాను.

"మొఖమన్న చూస్త మేడం. జర చూడనియ్యుండ్రి."

ఆ గొంతు విన్నాక ఎవరు కాదంటారు?

అనుకున్నట్టే వాయిదా మీద వాయిదా పడింది. "రెగ్యులర్‌గా మాట్లాడుతున్నారు కదమ్మా," అనేవారు జడ్జిగారు. సరిత మామగారు, అంటే పాప తాత, ప్రతిసారీ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కారిడార్‌లో నన్ను చూసి నవ్వేవాడు. "పిల్ల మస్తు ఖుషీగున్నది మేడం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు సరిత ఫోన్‌లో ఆ కాల్స్ ఫొటోలు చూపించింది. అన్నింటిలోనూ పాప నిండు చేతుల స్వెటర్‌లోనే ఉంది.

"మస్కట్ల గంత ఎండలు మేడం. అడిగితే ఏసీ సల్లగున్నదంటది. అనేముందు పక్కకు చూస్తది."

జడ్జిగారికి స్వెటర్ సంగతి చెప్పి, ఈసారి కాల్ ఆయన చాంబర్‌లోనే జరగాలని పట్టుబట్టాను. ఆయన పాపతో కాసేపు బడి కబుర్లు చెప్పి, "స్వెటర్ చేతులు పైకి లాగు తల్లీ," అన్నారు. పాప పక్కకు చూసింది. అయినా నెమ్మదిగా ఎడమ చెయ్యి లాగింది. మోచేతి దాకా వాతలు. అంతలోనే కాల్ కట్ అయింది. సరిత చున్నీ నోట్లో కుక్కుకుంది.

పాపను వెంటనే తెచ్చి తల్లికి అప్పగించాలని ఆ రోజే ఉత్తర్వు వచ్చింది. ఆ వాతల సంగతి తెలిశాకైనా తాత కరుగుతాడనుకున్నాను.

"పిల్లలన్నంక ఒక దెబ్బ పడ్తది," అన్నాడు.

గడువు దాటింది. పాప రాలేదు.

అప్పుడు ఇంకో దరఖాస్తు వేశాను. ఎస్.ఆర్. నగర్‌లో కొడుకు పేరు మీద నాలుగంతస్తుల ఇల్లుంది. దాన్ని హాస్టల్‌కిచ్చి, అద్దెలు తాత తింటున్నాడు. ఉత్తర్వు ధిక్కరించినందుకు ఆ ఇంటిని జప్తు చేయమన్నాను. కోర్టు సరేనంది. అదే వారం తాత స్వయంగా మస్కట్ వెళ్లి పాపను తీసుకొచ్చాడు. కోర్టులో జడ్జిగారికి చేతులు జోడించి, "జప్తు తీసెయ్యుండ్రి సార్," అని బతిమాలాడు. పక్కనే ఉన్న పిల్ల గురించి ఒక్క మాట లేదు.

సరిత దగ్గరకు తీసుకోబోతే పాప రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మేం గెలిచిన కేసు అది. ఆ సాయంత్రం ఆఫీసులో మిఠాయి పంచారు. నాకు తినబుద్ధి కాలేదు.

ఆ కేసు నాకు నేర్పింది గొప్పగా చెప్పుకునే పాఠమేం కాదు. మొన్న ఇలాంటి కష్టంతోనే ఇంకో తల్లి వచ్చింది. బాబును భర్త దోహా తీసుకెళ్లిపోయాడట. నేను పెన్ను తీసి, "మీ ఆయన పేరు మీద ఇక్కడ ఆస్తి ఏముంది?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"నా పిలగాని పేరు సుత అడగకపోతిరి మేడం."