కొబ్బరి మట్టల పైన డిష్షు

మావ పోయాడని పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆరేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరు ముందు మాట్లాడాలో తేలకుండానే మనిషి వెళ్లిపోయాడు.

ఆయన నాకు చుట్టం కాదు. పలాసలో వైఫై యాంటెన్నాలు బిగించే దుకాణం ఆయనది. ఊరందరికీ మావ, నాకు పని నేర్పిన మావ. ఆయనతో పని చేయడమంటే ఓపికకు పరీక్షే. ఇంట్లోకి యాంటెన్నా అడిగితే ముందు ఇల్లంతా తిరిగేవాడు. బీరువా ఎక్కడుంది, వంటింటి గోడ ఎంత మందం, ముసలమ్మ మంచం ఎటువైపు అని ఆరా. ఒక జీడిపప్పు వ్యాపారి విసిగిపోయి, "నాలుగు కొమ్ములున్న పెద్దది గుమ్మం మీద ఎట్టీ మావా, నలుగురికీ కనబడాల" అన్నాడు.

"దీపం గుమ్మంకాడ ఎడితే వంటింట్లో ఏటి కనబడతాది బావూ? నడింట్లో సిన్నది సాలు" అని మావ చిన్నదే చేతిలో పెట్టాడు. ఈలోగా నేను సంచీ భుజాన వేసుకుని గంట నిలబడ్డాను.

ఆరుబయట సంగతి వేరు. దూరంగా ఉన్న రెండు చోట్లను కలపాలంటే టార్చిలైటులా ఒకే వైపు కొట్టే డిష్షు కావాలి, దాని దారిలో ఏ అడ్డూ ఉండకూడదు. అక్కడే మాకు చెడింది.

తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని పడగొట్టిన ఏడాది, సముద్రం ఒడ్డున ఒక ఊరి ఆరోగ్య కేంద్రానికి మేం లైను ఇచ్చాం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను టెక్కలి నుంచి డాక్టరమ్మ వీడియోలో చూస్తుంది. డాబా ఎక్కితే టెక్కలి వైపు అంతా ఖాళీ. డిష్షు నిలబెట్టడానికి నేను పొట్టి గొట్టం చాలన్నాను. మావ ఇంకో ఇరవై అడుగుల గొట్టం కావాలన్నాడు.

"సెట్టొకటీ నేదు కద మావా, ఎవలికోసం అంతెత్తు?"

"సెట్టు నేదని సూత్తన్నావు. మొక్కలేసీసినారని సూడవేటి?"

ఊరి జనం నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. "నీ సాదస్తంతో వేగలేను" అనేసి పొట్టి గొట్టం మీదే బిగించాను. మరుసటి వారం టెక్కలిలో సొంత దుకాణం పెట్టుకున్నాను. ఆ ఊరి లైను కూడా నా చేతికే వచ్చింది.

మావ పెద్దకర్మ రోజు భోజనానికి కూర్చోబోతుంటే ఆ ఊరి నర్సమ్మ ఫోన్. "గాలేత్తే సాలు, డాక్టరమ్మ బొమ్మ ఆగిపోతంది బాబూ. ఏ మాత్ర మానాలో తెలీక తాతొకడు మూడ్రోజులై తిరగతన్నాడు." మొక్కలు చెట్లయ్యాయి. మట్టలు నా డిష్షుకు అడ్డంగా ఊగుతున్నాయి.

సిగ్గు విడిచి అత్తకు చెప్పాను. ఆమె నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. గోడ వారగా ఇరవై అడుగుల గొట్టం, ఎర్ర రంగు, దాని మీద సుద్దతో ఆ ఊరి పేరు.

"ఎప్పుడో ఒకనాడు ఒత్తాడు, అప్పుడిద్దువు గానన్నాడు. ఉప్పుగాలికి తుప్పట్టీకుండా ఏటా ఓ పూత ఏసీవోడు."

ఒక్క ఫోన్ చేసి ఉండకూడదా ఈ మనిషి! చేస్తే నేను ఎత్తేవాణ్ణి కానని ఆయనకు తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఇంకా కోపం వస్తుంది, ఇప్పుడది ఎవరి మీదో కూడా తెలుసు.

సాయంత్రానికి ఆరోగ్య కేంద్రం డాబా మీద ఆ గొట్టం నిలబెట్టాను. క్లాంపు బిగిస్తుంటే రంగు పెచ్చు లేచింది. కింద ఇంకో పూత, దాని కింద ఇంకోటి. గాలికి కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి, డిష్షుకు చాలా కింద. మెట్ల మీదుగా డాక్టరమ్మ గొంతు తెగకుండా వినిపిస్తోంది. "ఆ తెల్ల మాత్ర మానెయ్ తాతా. తెల్లదే. వినబడిందా?"

"ఇనబడింది తల్లీ" అన్నాడు తాత.