ఒకట్ల స్థానం

తడిపిన పసుపు వాసన వస్తే ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు గుండె గుభేలుమంటుంది, ఆ తరువాత నవ్వొస్తుంది. నిన్న మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఆయుధపూజ. పిల్లలు గుమ్మానికి మామిడాకులు కట్టి, మానిటర్లకు బంతిపూల దండలు వేసి, పసుపు కుంకుమల పళ్లెంతో నేరుగా కీబోర్డుల మీదికి వచ్చేశారు. "ఆగండి!" అని నేను అరిచిన అరుపుకు కొబ్బరికాయ కొట్టబోతున్న అటెండరు కూడా ఉలిక్కిపడ్డాడు. "బొట్టు పెట్టకుండా పూజ ఎట్ల మేడం?" అని ఒక పిల్ల మొహం చిన్నబుచ్చుకుని అడిగింది. ఆ పిల్లకు జవాబు చెప్పాలంటే మా నాగభూషణం సార్ గురించి చెప్పాలి. ఆయన్ను చూడనివాళ్లకు చెప్పడం కొంచెం కష్టం, ఎందుకంటే ఆయన ఎప్పుడూ ఒంటరిగా కనిపించిన మనిషి కాదు. ఎప్పుడు చూసినా చుట్టూ ఏడుగురు పిల్లలుండేవారు.

బెంగుళూరులో, గదంతా ఆక్రమించే పెద్ద కంప్యూటర్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి, తొంభైల మొదట్లో ఆ ఉద్యోగం వదిలి ఆయన హిందూపురం వచ్చేశారు. ఇంటి ముందు హాల్లో రెండు కంప్యూటర్లు పెట్టి, కంప్యూటర్ నేర్పుతామని బయట బోర్డు తగిలించారు. ఊళ్లో చాలామంది అప్పటికి కంప్యూటర్‌ను చూసి ఎరగరు. ఏడుగురు పిల్లల్ని పెట్టుకుని మంచి ఉద్యోగం వదిలినాడే, తిక్క గాని పట్టిందా అని వీధంతా చెప్పుకున్నారు. ఆయన చెవిన పడినా పట్టించుకోలేదు. బెంగుళూరులో ఉన్నన్నాళ్లూ పిల్లలు నిద్రపోతుండగా వెళ్లి, నిద్రపోయాక వచ్చేవాణ్ణని, వాళ్ల మాటలు వినడానికే వచ్చేశానని మాతో అనేవారు. నాకు అప్పట్లో అది సాకుగానే తోచింది.

నేను డిగ్రీ అయ్యాక దగ్గర్లోని పరిగి నుంచి బస్సులో వచ్చి ఆయన దగ్గర చేరాను. మొదటి రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెడతారని ఆశపడితే, "ముందు మా పిల్లోళ్లను చూడమ్మా" అన్నారు. ఇదేమన్నా పెళ్లిచూపులా అనుకున్నాను. లోపలికి ఒక కేక వేయగానే ఏడుగురూ బిలబిలమంటూ వచ్చి గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. ఎడమవైపు మొదట కాలేజీకి పోయే పెద్దవాడు శ్రీనివాసులు, కుడివైపు ఆఖరున ముందుపళ్లు ఊడిన చిన్ని. చిన్ని పక్కన, వరస చివర, సార్ నిలబడ్డారు.

"కంప్యూటరుకు తెలిసింది రెండే అమ్మా. లేసేది, కూసునేది. నేను లేస్తే ఒకటి. చిన్ని లేస్తే రెండు. దానిపైది లేస్తే నాలుగు. అట్ల ఒకరికంటే ఒకరు రెండింతలు. మా పెద్దోడు లేస్తే నూట ఇరవై ఎనిమిది. యా అంకె కావాలో అడుగు."

ఐదు కావాలన్నాను. సార్, చిన్ని పై అక్క లేచి నిలబడ్డారు, మిగతావాళ్లు చతికిలబడ్డారు. ఆ తరువాత నేను అడిగిన అంకెకల్లా వాళ్లు లేస్తూ, కూర్చుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వుతూ ఉంటే అరగంట గడిచిపోయింది. మధ్యలో చిన్ని అలిగింది.

"నాయనా, నేనెప్పుడూ రెండేనా?"

"నాకంటే రెండింతలు గదే, ఇంగేం కావాల నీకు?"

నాకు ఒక అనుమానం వచ్చింది. "కూర్చున్నవాళ్లు సున్నా, అంటే లేనట్టే కదా సార్?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "లేనట్టు ఎట్లవుతాదమ్మా? కూసున్నా ఇంట్లోనే గదా ఉండాడు. వాని చోటు తీసేసినావంటే లెక్కంతా తప్పుతాది."

సున్నా గురించి నేను అంతకుముందు చదువుకున్నది వేరు. కానీ ఆ రోజు నాకు మనసులో నిలిచింది లెక్క కాదు. మా ఇంట్లో మా నాయన పెద్ద అంకె. ఆయన లేస్తే మేమంతా కూర్చునేవాళ్లం. ఒక తండ్రి తనంత తాను వరస చివరికి పోయి ఒకట్ల స్థానంలో నిలబడడం నేను అప్పటివరకు చూడలేదు.

సార్ ధర్మవరం పోయిందీ పిల్లల కోసమే. పెద్ద కూతురికి పట్టుచీర కొందామని వెళ్లి, ఓబులేసు అనే నేతగాడి మగ్గం ముందు చీర సంగతే మరిచిపోయి నిలబడిపోయారట. మగ్గం పైన గొలుసుకట్టుగా వేలాడే అట్టలు, వాటి నిండా బెజ్జాలు. బెజ్జం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. "మేమూ ఒకప్పుడు ఇట్లనే అట్టలకు బెజ్జాలు కొట్టి కంప్యూటరుకు పని చెప్పేటోళ్లమన్నా" అని ఈయన చెబితే, "అట్లయితే మీ మిషను మా మగ్గానికి చెల్లెలప్పా" అన్నాడట ఓబులేసు. ఆ మాటతో మొదలై, చీర అంచుల డిజైన్లను కంప్యూటర్లో గీసి మగ్గానికి ఇచ్చే పని ఆయన చేపట్టారు. నాకు తెలిసినంతలో మా వైపు ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. నేను ఆయన దగ్గరే ఉద్యోగంలో కుదురుకుని, ప్యాసింజరు రైల్లో ఆయనతో ధర్మవరం పోయి వస్తుండేదాన్ని. తిరుగుదారిలో పెనుకొండ స్టేషన్లో సీతాఫలాలు కొని, ఇల్లు చేరేదాకా వాటిని తువ్వాలులో చుట్టి ఒళ్లోనే పెట్టుకునేవారు. నలిగితే పిల్లలు తినరని ఆయన దిగులు.

ఒక యేడు దసరాకు ముందు ఓబులేసు ఒక గట్టి పని తెచ్చాడు. ఒక పెళ్లికూతురి అవ్వ తన పెళ్లినాటి చీర ఇచ్చి, చిరుగులు పడిన ఆ అంచులోని హంసల బారు మనవరాలి చీరకు అచ్చం అట్లాగే రావాలని అడిగింది. ధర్మవరంలో మిగతా నేతగాళ్లు ఇదేదో తేలనీ, అప్పుడు చూద్దామని కాచుకుని ఉన్నారు. ఇది కుదిరితే వాళ్ల మగ్గాలన్నీ మాకు పని ఇస్తాయి. చెడితే బోర్డు పీకేసి బెంగుళూరు పోయి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సిందే, పిల్లల నిద్రమొహాలు చూసుకుంటూ. భూతద్దం కింద ఆ చీర పోగులు ఒక్కొక్కటే చూస్తూ సార్, నేను నెల పైగా కూర్చుని డిజైను ఎక్కించాం. మా పాత మిషన్ల లోపల దాచుకునే చోటు లేదు. ఏదైనా ఫ్లాపీల్లోనే పెట్టుకోవాలి. వెడల్పాటి నల్లటి ఫ్లాపీలు, మధ్యలో చిన్న కిటికీ, అందులోంచి లోపలి రేకు కనిపిస్తుంటుంది. చీర వెనక్కి ఇచ్చేశాం. పండగ కాగానే అట్టలు కొట్టించాలి.

ఆయుధపూజ నాడు నేను వెళ్లేసరికి హాలు కళకళలాడుతోంది. పిల్లలు మిషన్లకు దండలు వేశారు. బల్ల మీద ఫ్లాపీలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి ఫ్లాపీకీ సరిగ్గా ఆ కిటికీలో, రేకు మీద, తడి పసుపు, దాని మీద గుండ్రంగా కుంకుమ. నకలు తీసి విడిగా దాచిన ఫ్లాపీలను కూడా వెతికి మరీ తెచ్చారు.

"నాయనా, అన్నిటికీ నేనే పెట్టినా. ఒక్కటీ వదల్లే!" అంది చిన్ని, పసుపు చేతులతో గంతులేస్తూ.

శ్రీనివాసులు మొహం పాలిపోయింది. సార్ ఒక ఫ్లాపీ ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. కాసేపు ఆయన దవడ బిగుసుకుని ఉండడం నేను చూశాను. ఆ తరువాత దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి, చిన్నిని ఎత్తుకున్నారు.

"ఎంత ముద్దుగా పెట్టినావే! ఒక్కటన్నా వంకర పోలేదే!"

సార్ భార్య పద్మక్క ఆయన్ను వంటింట్లోకి పిలిచింది. "చేసింది తప్పని పిల్లకు చెప్పొద్దా?" అని ఆమె అడగడం నాకు వినిపించింది.

"చెప్తా. ఈ పొద్దు కాదు. ఈ పొద్దు అరిచినానంటే అది జన్మలో మిషన్ తాకదు. హంసలు పోతే మళ్లా వస్తాయి పద్మా."

హంసలు ఎక్కడినుంచి వస్తాయో నాకైతే అర్థం కాలేదు. ఫ్లాపీలు తుడిచి చూశాం. మిషను గరగరమంది తప్ప ఒక్క హంసా రాలేదు. మరునాడు సార్‌తో ధర్మవరం పోయాను. ఆయన దాపరికం లేకుండా జరిగింది జరిగినట్టు ఓబులేసుకు చెప్పారు.

ఓబులేసు నెత్తి పట్టుకున్నాడు. "ఏమప్పా! మా అట్టలకు ఏటేటా పసుపు పూస్తాండామే, ఒక్కటన్నా చెడిందా? నీ మిషను ఇంత సుకుమారమని ముందే చెప్పొద్దా?" అన్నాడు. కాసేపటికి మెత్తబడి, "పెండ్లి దగ్గర పడుతాండాది. నెల దినాల పని ఇప్పుడు ఎట్ల జేస్తావు?" అని అడిగాడు.

"ఇంట్లో దసరా సెలవులకు ఏడుమంది ఉండారన్నా. చీర ఇయ్యి చాలు."

ఓబులేసు చీర ఇవ్వలేదు. చీరతో పాటు తానే వచ్చాడు. ఆ పెద్దామె సొత్తు వేరేవాళ్ల చేతికి ఇయ్యనని మా హాల్లో చాప మీద కూర్చుని, చీరను తన ఒళ్లోనే పరిచి పెట్టుకున్నాడు. పిల్లలు అటూ ఇటూ చేరారు. శ్రీనివాసులు భూతద్దం పట్టుకుని సూదితో పోగులు విడదీస్తే, అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు వంతులవారీగా పాడినట్టు చెప్పేవాళ్లు: "లేసె, లేసె, కూసె, లేసె, కూసె, కూసె." జరీ పైకి తేలితే లేచినట్టు, కిందికి పోతే కూర్చున్నట్టు. ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్లు ఆడుతున్న ఆటే అది. సార్, నేను చెరో మిషను దగ్గర కూర్చుని ఎక్కించాం. ఒక వరస అయిందంటే ఒక చింతగింజ పక్కకు జరపడం చిన్ని పని. మధ్యాహ్నాలు గుప్పిట్లో గింజలతోనే నిద్రపోయేది. పద్మక్క అందరికీ సంగటి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, ఓబులేసుకు కూడా. చీర మీద నుంచి చేయి తీయనంటే ఏం చేస్తుంది మరి.

దసరా సెలవులు అయిపోయేలోగా హంసలు తిరిగొచ్చాయి. ఒక హంసకు ముక్కు కొంచెం పొట్టిదైంది. మగ్గం మీద అది కనిపెట్టి, "ఇది మీ చిన్నదాని హంసప్పా, ఉండనీలే" అని ఓబులేసు అట్లాగే నేసేశాడు. పెళ్లివారు గుర్తుపట్టనే లేదు. ఆ తరువాత మిగతా మగ్గాలవాళ్లూ వచ్చారు. బోర్డు దిగలేదు.

చిన్నికి సంగతి ఎప్పుడు చెప్పారో తెలియదు. మరుసటి యేడు పూజకు పళ్లెం మళ్లీ దాని చేతికే ఇచ్చారు. "మిషనుకు కాదు తల్లీ, మిషను నడిపే వేళ్లకు పెట్టు" అన్నారు. అప్పటినుంచి ఆ ఇంట్లో అదే ఆచారం. అందరం వరసగా నిలబడి చేతులు చాపేవాళ్లం. నేను ఆ తరువాత చదివి లెక్చరర్ అయ్యాను. తప్పు చేసిన పిల్లవాణ్ణి తిట్టబోయే ప్రతిసారీ ఆ బిగుసుకున్న దవడ గుర్తొస్తుంది. ఆయనకు కోపం రాలేదని కాదు. వచ్చింది, నేను చూశాను. దాన్ని మింగి పిల్లను ఎత్తుకున్నారు. నేను ఆయనంత గొప్పదాన్ని కాదు, సగం సార్లు తిట్టేస్తాను.

రెండువేల సంవత్సరం దాటాక సార్ పెనుకొండలో రెండో సెంటరు పెట్టి, దాన్ని చిన్నికి అప్పగించారు. సార్, పద్మక్క కూడా అక్కడే ఉండేవారు. ఒక ఎండాకాలం సార్ గుండె ఆగి పోయారు. ఆ దసరాకు చిన్ని ఫోన్ చేసింది. "అక్కా, ఈ యేడు మేం పండగ చేయగూడదంట. మిషన్లు ఊరికే ఉండాయి. నువ్వొచ్చి బొట్టు పెట్టక్కా."

వెళ్లాను. ఏడుగురూ వచ్చి ఉన్నారు. పద్మక్క తలుపు దగ్గర కూర్చుని ఉంది. నేను పసుపు తడిపి పళ్లెం పట్టుకునేసరికి, ఎవరూ చెప్పకుండానే గోడ వెంబడి పాత వరసలో నిలబడ్డారు. శ్రీనివాసులు జుట్టు నెరిసింది. ఒక్కొక్కరి వేళ్లకు బొట్టు పెట్టుకుంటూ చిన్ని దాకా వచ్చాను. చిన్నికీ గోడ మూలకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉంది. నా చేయి ఆగిపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"నాయన కూసున్నాడులే అక్కా" అంది చిన్ని. "ఆయన చోటు ఆడనే ఉండాది."

నేను వంగి, కూర్చున్న మనిషి చేతులు అందేంత ఎత్తులో గోడకు పసుపు రాసి కుంకుమ పెట్టాను.

నిన్న మా ల్యాబ్‌లో ఆ పిల్లకు ఇదంతా చెప్పలేదు. పళ్లెం ఆమె చేతికే ఇచ్చి, మిషన్లకు కాదు, వేళ్లకు పెట్టమన్నాను. కొత్తగా చేరిన పిల్లల్లోంచి ఏడుగురిని పిలిచి గోడ వెంబడి వరసగా నిలబెట్టాను. ఏ అంకె కావాలో అడగమని మిగతావాళ్లకు చెప్పి, కుడివైపు చివర ఒకట్ల స్థానంలోకి వెళ్లి నేను నిలబడ్డాను.