రుజువు లేని పద్నాలుగు ఇన్నింగ్సులు

1999. సిడ్నీ పడమటి వైపు పారమట్టాలో, రైల్వే స్టేషన్‌కి ఎదురుగా ఉన్న ఒక ఆఫీసులో ఎనిమిదిమంది తెలుగువాళ్ళం వై2కె పని చేస్తుండేవాళ్ళం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు. 99 తర్వాత 00 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుంది. ఆ రెండంకెల్ని నాలుగు చేయడమే మా పని. ప్రపంచం మునిగిపోతుందని చెప్పుకు బతికేవాళ్ళకి అది పండగ కాలం. మా టీమ్ లీడర్ సర్వర్ మీద నిమ్మకాయ పెట్టి కుంకుమ అద్దాడు. నేను దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసి, అరగంట ఉపన్యాసం ఇచ్చాను. గుంటూరులో హేతువాద సంఘం వేదికల మీద పదేళ్ళు వాదించి వచ్చినవాణ్ణి. "రుజువేది?" అనే ఒక్క ప్రశ్నతో బాబాలను బెదరగొట్టినవాణ్ణి.

ఆ ఏడాది ఒక స్థానిక మునిసిపల్ కౌన్సిల్ పని మాకు వచ్చింది. వాళ్ళ చేతిలో ఒక పాత బేస్‌బాల్ మైదానం ఉంది. దానికి చెక్క మెట్ల స్టాండు, రేకుల కప్పు. స్టాండు కూల్చి కార్ల పార్కింగ్ చేద్దామని కొందరు, వద్దని కొందరు. 1920ల్లోనే అక్కడ చెప్పుకోదగ్గ ఆటలు జరిగాయని రుజువు చూపిస్తే స్టాండు జోలికి పోమని కౌన్సిల్ మాట ఇచ్చింది. ఆ రుజువంతా మైదానం పక్క గదిలో అట్టపెట్టెల్లో ఉంది. అవి స్కోర్‌బుక్కులు, అంటే ఆటలో పడిన ప్రతి బంతికీ గుర్తు వేసిన పుస్తకాలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పేరున్న ఆటల పట్టిక తీసి, కౌన్సిల్ జరిపే విచారణ నాటికి అందించాలి.

పెట్టెలు అప్పగించింది మార్జరీ. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నలభై ఏళ్ళు ఆ స్టాండు పై మెట్టు మీద కూర్చుని స్కోరు రాసింది. మేడమ్ అని పలకరించాను.

"ఎవరా మేడమ్ అని వెనక్కి చూస్తున్నా. మార్జరీ అను, లవ్."

ఇక్కడి పెద్దవాళ్ళు పాలు పోసేవాణ్ణి కూడా లవ్ అనే పిలుస్తారు. నా సాంబశివరావుని మొదటిరోజే శామ్ చేసేసింది.

ఒక్కో పుస్తకం తీసి చూపించింది. యుద్ధకాలంలో అమెరికన్ సైనికులు వచ్చి ఈ ఊరి జట్టు చేతిలో ఓడిన ఆట. అడవి మంటల పొగ కమ్మి, ఎగిరిన బంతి ఎక్కడ పడుతుందో ఎవరికీ కనపడని ఆట. చివరికి 27 అని రాసిన పుస్తకం తెరిచింది. అప్పట్లో ఇక్కడ బేస్‌బాల్ చలికాలపు ఆట. ఆరోజు వాళ్ళ నాన్న పిచర్, అంటే బంతి విసిరేవాడు. తొమ్మిది ఇన్నింగ్సులతో అయిపోవలసిన ఆట పద్నాలుగు దాకా సాగింది. అన్నీ ఆయనే విసిరాడు. చివర్లో ఒక్క పరుగుతో ఓడిపోయాడు.

"గెలిచినవాళ్ళ గురించి పేపర్లో రెండు లైన్లు వేశారు, ఏ మైదానమో కూడా రాయలేదు. మా నాన్న సంగతి ఈ పేజీలో తప్ప ఎక్కడా లేదు. ఇదిగో, పదకొండో ఇన్నింగ్స్ నుంచి గీతలు గోధుమరంగు. స్కోరర్ పెన్సిల్ అయిపోతే మా అమ్మ కనుబొమలు దిద్దుకునే పెన్సిల్ ఇచ్చింది. నాకు ఏడేళ్ళు. పక్కనే ఉన్నా."

నేను ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను.

"పనయ్యాక పుస్తకాలు నాకిచ్చేస్తారుగా, శామ్?"

"ఎందుకండీ? బూజు, ఎలకలు. అంతా కంప్యూటర్లో ఉంటుంది. కాగితాన్ని దాచుకుని మొక్కడం కూడా విగ్రహారాధనే" అన్నాను. ఆ మాట నాకు ఎంతో ముద్దొచ్చింది. ఆమె పుస్తకం మూసి, "చదువుకున్నవాడివి, నీకే తెలియాలి" అంది.

టైపిస్టులు అన్నీ ఎక్కించారు. నేను రాసిన ప్రోగ్రామ్ వాటిలో సంవత్సరాల్ని నాలుగంకెలు చేసి, సరిచూసి రిపోర్ట్ ఇచ్చింది. తప్పులు: సున్నా. ఆ కాగితం పట్టుకుని రహీం దగ్గరికి వెళ్ళాను. తెనాలి వాడు, నా పక్క సీటు.

"సున్నా అంటే నాకు భయం సాంబయ్యా. ఒక్క పుస్తకం తీసి పోల్చి చూడు."

"రిపోర్ట్ ఉందిగా."

"నిమ్మకాయ తీసేశావ్. ఇప్పుడు దీనికి బొట్టు పెట్టు, సరిపోద్ది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. పుస్తకాలు ఇక అక్కర్లేదన్న ఫారం మీద సంతకం పెట్టాను. కౌన్సిల్ మనుషులు పెట్టెలు తీసుకెళ్ళి పుస్తకాల్ని ముక్కలు చేసేశారు. టైపు చేసిన ఫైళ్ళున్న టేపు మీద ఇంకో పని ఎక్కించడంతో అవీ చెరిగిపోయాయి.

కొత్త సంవత్సరం వచ్చింది. ఎక్కడా ఏమీ కూలలేదు. మార్చిలో, విచారణకు వారం ముందు పట్టిక ప్రింట్ తీశాను. మొదటి ఆట 1930ది. అంతకు ముందు ఒక్కటీ లేదు.

కారణం వెతకడానికి గంట కూడా పట్టలేదు. 30 కంటే తక్కువ అంకె ఉంటే దానికి ముందు 20 చేర్చమన్న నియమాన్ని, ఉద్యోగుల జీతాల ప్రోగ్రామ్ నుంచి తెచ్చి అలాగే వాడాను. 27 కాస్తా 2027 అయింది. ఇంకా రాని తేదీలున్న రికార్డులన్నీ మేం పరీక్ష కోసం వేసుకున్నవే అనుకుని, వాటిని చప్పుడు లేకుండా తుడిచేసే ఇంకో భాగం ఉంది. అది తన పని తాను చేసింది. తుడిచినవాటిని తప్పుల్లో లెక్కపెట్టమని నేను చెప్పలేదు. రిపోర్ట్ అబద్ధం ఆడలేదు.

విచారణలో మార్జరీ లేచి నిలబడి తను చూసింది చెప్పింది. ఛైర్మన్ మర్యాదస్తుడు. "ఏడేళ్ళ పిల్ల జ్ఞాపకం మీద నిర్ణయం తీసుకోలేమండీ" అన్నాడు. నేను లేచాను. తప్పు నాదని, ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో చెప్పాను.

"ఆ పేజీ నేను కళ్ళతో చూశాను సార్."

"చూసి ఉంటారు. రుజువేది?"

నా ప్రశ్నే. నా గొంతుతోనే అడిగినట్టుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, అది న్యాయమైన ప్రశ్న. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. రుజువు లేకపోయినా నమ్మాలని అనడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆమెకు రుజువు ఉండేది. దాన్ని చెత్తలో వేయించింది నేను.

బయట మెట్ల మీద మార్జరీ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంతకీ నాన్న ఆటని మీ మెషీను ఏ సంవత్సరంలో పడేసింది?"

"2027లో."

"అయితే ఆయన ఇంకా ఓడిపోలేదన్నమాట" అంది. నవ్వబోయింది. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. హ్యాండ్‌బ్యాగ్ గట్టిగా పట్టుకుని బస్టాప్ వైపు నడిచింది.

స్టాండును మూడు రోజుల్లో కూల్చేశారు. మరుసటి చలికాలంలో మార్జరీ పోయింది. అంత్యక్రియలకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆమె స్కోరరని ఎవరో చెప్పారు. తండ్రి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఇదే పనిలో ఉన్నాను. సున్నా తప్పులని ఎవరైనా రిపోర్ట్ తెస్తే, ఎన్ని లోపలికెళ్ళాయి, ఎన్ని బయటికొచ్చాయి, దేన్ని తీసేశారు అని అడుగుతాను. అసలు కాగితం ఒకటైనా చూసేదాకా సంతకం పెట్టను. ఈ జాగ్రత్త ఇంకెవరికైనా పనికొచ్చి ఉండొచ్చు. మార్జరీకి పనికిరాలేదు.

పదకొండో ఇన్నింగ్స్ నుంచి గీతలు గోధుమరంగులో ఉన్నాయి. నేను చూశాను. రుజువు లేదు.