గిన్నె అడుగు చూసే పెద్దాయన

బోధన్‌లో మా భజన మండలికి వచ్చే ఆ పెద్దాయన, చేతికి ఏ గిన్నె ఇచ్చినా ముందు తిరగేసి అడుగు చూసేవాడు. మూడు తరాలుగా చెక్కను గిరగిరా తిప్పే ఖరాదు మీద గిన్నెలు తీసే ఇల్లు వాళ్లది. ఎంత అందంగా తీసేవాళ్లంటే, కొన్నవాళ్లు వాటిలో తినడానికి మనసొప్పక అద్దాల అల్మారాలో పెట్టుకునేవాళ్లు.

"లోపల అందరు నున్నగ జేస్తరు. పనోని సంగతి అడుగు జెప్తది," అనేవాడు. పైరూపం చూసి మోసపోవద్దని నేను ఏళ్లుగా ప్రవచనాల్లో చెబుతున్నాను. పాటించింది ఆయనొక్కడే. పెళ్లిళ్లలో స్టీలు గిన్నెలనూ వదిలేవాడు కాదు.

ఆయన బాధ ఒక్కటే. తండ్రి చేసిన గిన్నెలన్నీ అమ్ముడుపోయి ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

ఒక శ్రీరామనవమికి మండలి అధ్యక్షుడు, ఎవరో భక్తులు ఎప్పుడో ఇచ్చిన నల్లబడ్డ చెక్క గిన్నె నిండా పానకం పోసి, పంచమని ఆయన చేతికిచ్చాడు. ఆయన అలవాటు కొద్దీ తిరగేశాడు. పానకమంతా అధ్యక్షుడి పట్టుపంచె మీద పడింది.

"ఏందన్నా గిది! దేవుని పానకమే!"

"మా బాపుదే!" పెద్దాయన అడుగున ఉన్న రెండు గీతలను, వాటి మధ్య చుక్కను వేలితో తడుముతూ ఏడ్చాడు. "గిది మా బాపు పెట్టే గుర్తు."

తీసుకుపొమ్మన్నాం. ఒప్పుకోలేదు. "రాముని కాడనే ఉండనియ్యుండ్రి. ఏడాదికొక్కసారి నాకు అడుగు సూపెట్టుండ్రి, సాలు."

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ పానకం పోసేముందు గిన్నెను బోర్లించి, ఆయన ఎప్పుడూ ఆనుకుని కూర్చునే స్తంభం వైపు అడుగు చూపిస్తాం. గిన్నె ఖాళీదే అయినా, అధ్యక్షుడు మాత్రం పంచె ఎగగట్టి దూరం జరుగుతాడు.