అద్దె రోగుల వార్డులో ఒక పగలు

“అన్నా, నీకు ఒళ్ళు బాగలేనట్టు పండుకునేది తెలుసునా?” అని జక్కమ్మాళ్ ఫోన్లో అడిగింది. ఇరవై ఏళ్ళ గుమస్తా ఉద్యోగంలో నేను పరిపూర్ణంగా నేర్చిన విద్య అదొక్కటే కాబట్టి, తెలుసునన్నాను. “అయితే ఉన్నపళాన బయలెల్లి రా,” అంది.

జక్కమ్మాళ్ కోవిల్‌పట్టిలో నాలుగు పేజీల తమిళ వారపత్రిక నడుపుతుంది. సంపాదకురాలు, విలేకరి, ఫోటోగ్రాఫరు, కట్టలు కట్టి బస్సుల్లో వేసే మనిషి, అందరూ ఆమే. వాళ్ళది విళాత్తికుళం దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం మాత్రం చదవలేదు. మదురైలో ఒక పెళ్ళిలో నా మాటలు విని, “ఏమన్నా, రేడియో మింగినావా?” అని అడిగింది. ఆనాటి నుంచి నాకు చెల్లెలు.

నెల్లూరు నుంచి పగటి రైల్లో చెన్నై చేరి, ఎగ్మోర్‌లో రాత్రి బండి ఎక్కాను. స్లీపర్ టికెట్టు ముందుగా తీసుకోండి. జనరల్ పెట్టెలో నేను చూసిన జనాన్ని దించితే ఇంకో జిల్లా ఏర్పడుతుంది. కింది బెర్తు పెద్దాయన శివకాశి క్యాలెండర్ల వ్యాపారి. “మా వైపు చూడ్డానికి ఏముంది సార్?” అన్నాడు దుప్పటి కప్పుకుంటూ. “ఎండ ఉంది. దాన్ని చూడ్డానికి అంత దూరం రావాలా?”

తెల్లవారుతుండగా విరుదునగర్ దాటింది. ఎనిమిది గంటలకు కోవిల్‌పట్టిలో దిగాను. బస్టాండు పక్క లాడ్జిలో గది దొరికింది. ఫ్యాను వేస్తే హెలికాప్టర్ దిగుతున్నట్టుంటుంది, గాలి మాత్రం అక్కడే ఆగిపోతుంది. పత్రిక ఆఫీసు ఒక వేరుశనగ మిఠాయి దుకాణం మీది గది. రోజంతా బెల్లం పాకం వాసన. ఆ మిఠాయి ముక్క కొరికితే పన్ను కదిలింది. పది నిమిషాలయ్యాక మళ్ళీ ఇంకో ముక్క అడిగాను.

జక్కమ్మాళ్ సంగతి చెప్పింది. తాయిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో ఒక సర్కారు ఆస్పత్రి ఉంది. (ఊరి పేరు నేను రాయను.) అక్కడ బాణసంచా షెడ్లలో కాలినవాళ్ళ కోసం ఒక వార్డు కట్టి, రిబ్బను కత్తిరించి, ఆ సాయంత్రమే తాళం వేశారు. కాలినవాళ్ళను ఇప్పటికీ విరుదునగర్‌కో మదురైకో మోసుకుపోవలసిందే. పైనుంచి తనిఖీ వచ్చిన రోజు మాత్రం తాళం తీస్తారు. ఒక మేస్త్రీ వ్యానులో మనుషుల్ని తెచ్చి, కట్లు కట్టి, మంచాల మీద పడుకోబెడతాడు. ఒక రోజు కూలీ, ఒక బిర్యానీ పొట్లం.

“ఇదంతా విన్నది. విన్నది నేను వేయను, చూసింది వేస్తా,” అంది. “రేపు తనికీ. మనిద్దరం కూలికి పోతుండాము.”

“నేనెందుకమ్మా?”

“ఈ ఊరి సాక్షి అయితే రేపు మాట మారస్తాడు. పయం పెట్టేదానికి నీ ఇల్లు వీళ్ళకు తెలీదు. అయితే నోరు తెరవొద్దు. నీ తెలుగు విన్నారంటే ఆస్పత్తిరి గోడలు గూడా తిరిగి చూస్తాయి.”

మర్నాడు తెల్లవారుజామున సాత్తూరు బస్సు పట్టుకుని, అక్కడ ఇంకోటి మారి, ఏడున్నరకు ఒక కూడలిలో దిగాము. జక్కమ్మాళ్ తలకు కారేటంత నూనె రాసుకుని, వెలిసిన చీర కట్టింది. ఆమెను కన్న తల్లి కూడా విలేకరి అనుకోదు. ఆ పల్లెల్లో కూడా చాలామందికి ఇంటి మాట తెలుగే. వ్యాను దగ్గర తెల్లచొక్కా మేస్త్రీ తెలుగులోనే రోగాలు పంచుతున్నాడు: “నీకు చెయ్యి. నీకు కాలు. నీకు మొగము, నవ్వొద్దు.” నా దగ్గరకొచ్చి పైనుంచి కిందికి చూశాడు. “ఈ ఒంటికి కట్టు కట్టాలంటే జిల్లా గుడ్డంతా చాలదు. నీవు తోడు మనిషివి. పో, కూర్చో.”

వ్యానులో మా పక్కన గురువమ్మాళ్ అనే ఆమె కూర్చుంది. ఆమెకు మాత్రం ఆయన గుడ్డ చుట్టలేదు. “అక్కా, నీది వాకిలి కాడి మంచము. నీది అసలు పుండు,” అన్నాడు, దుకాణంలో మేలు సరుకు ముందు వరుసలో పెట్టినట్టు. ఎడమ మోచేయి నుంచి మెడ దాకా చర్మం కరిగి ముడుచుకుపోయి ఉంది. మోచేతి మడతలో ఇంకా పచ్చిగా ఉంది. దీని మీద నేనేమీ పెంచి రాయడం లేదు.

వ్యాను కదిలాక జక్కమ్మాళ్ మెల్లగా తానెవరో చెప్పింది. గురువమ్మాళ్ ఉలిక్కిపడలేదు. కిటికీ వైపు తిరిగి చెప్పింది.

“పోయిన కోడైలో, ఆ ఎండల్లో, నేనూ మాయన ఒకే షెడ్డులో కాలినాము. దగ్గర అని ఈడికే తెచ్చినారు. బీగం ఏసుండాది. తాళంచెవి ఎవురి కాడ ఉండాదో తెల్దని వాచ్‌మాన్ చెప్పినాడు. విరుదునగర్ పోయే దోవలో ఆయన పోయినాడు.” కొంగుతో మెడ కప్పుకుంది. “ఆ దినము తెరవని తలుపు ఈ దినము కూలి ఇచ్చి తెరస్తుండారు, చూడు తల్లీ.”

“నీ పేరు వేయొచ్చునా అక్కా?”

“వొద్దు. టపాసుల పెట్టెలు అంటించే వేలై మేస్త్రీయే ఇస్తుండాడు. ఆ పని పోతే నా ఇద్దరు ఆడబిడ్డలకు బువ్వ లేదు.”

“సరి అక్కా, వేయను,” అంది జక్కమ్మాళ్. మళ్ళీ అడగలేదు.

వార్డు చూసి నేను నోరెళ్ళబెట్టాను. పెళ్ళివారి విడిది కూడా అంత తళతళలాడదు. పన్నెండు మంచాలు, గోడకు రెండు ఏసీలు, ప్రారంభోత్సవం రాయి మీద బంగారు అక్షరాలు. పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఒకరు పక్కకు తిరిగితే పన్నెండు మంచాలూ కిచకిచమన్నాయి. కుళాయి తిప్పితే ఒక సాలెపురుగు బయటికొచ్చింది. పక్క ఆస్పత్రి నుంచి ఆ పూటకు అరువు తెచ్చిన నర్సమ్మ మధ్యలో నిలబడి, చేతులేం చేసుకోవాలో తెలియక చున్నీ సర్దుకుంటోంది.

పదకొండు దాటాక అధికారి వచ్చాడు. వెంట ఆస్పత్రి డాక్టరు, ఆయన వెంట మేస్త్రీ. మంచం మంచానికీ ఆగి, ఎలా చూస్తున్నారని తమిళంలో అడిగాడు. “నల్లా పాక్కురాంగ,” బాగా చూసుకుంటున్నారు, అని అందరూ ఒకే రాగంలో అప్పజెప్పారు. మొహానికి కట్టు కట్టినవాడు నవ్వాపుకోలేక దగ్గాడు. కాలికి కట్టుతో పడుకున్న జక్కమ్మాళ్ కొంగు చాటున ఫోను అంతా రికార్డు చేస్తోంది.

చుట్టూ తిరిగి, చివరికి వాకిలి దగ్గర మంచానికి వచ్చాడు. ఆమెనూ అదే అడిగాడు.

గురువమ్మాళ్ లేచి కూర్చుంది. చెయ్యి ముందుకు చాపింది, అది ఎంతవరకు సాగుతుందో అంతవరకు. “అయ్యా, ఈ దినము ఇంకా కట్టు కట్టలేదు. కట్టమని చెప్పండి,” అంది తమిళంలోనే.

“కట్టండమ్మా,” అన్నాడు అధికారి.

నర్సమ్మ వెళ్ళి బీరువా తెరిచింది. లోపల ఒక చీపురు, రెండు రంగు డబ్బాలు. ఆమె తలుపు మూయలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. “స్టాక్ దారిలో ఉంది సార్,” అన్నాడు డాక్టరు. అధికారి ఆ డబ్బాల వంక చూశాడు. పరుపు మీది ప్లాస్టిక్ వంక చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ ఉన్నావమ్మా?”

“పొద్దున్నించి అయ్యా. అయితే రావాల్సింది పోయిన కోడైలో.”

ఆమె జక్కమ్మాళ్ వైపు తిరిగి, అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పింది: “నా పేరు ఏసుకో తల్లీ.”

అధికారికి ఆ ముక్క అర్థం కాలేదు. మేస్త్రీకి అయింది. ఆయన మొహం చూడలేక నేను నేల చూశాను.

అధికారి తన కోసం సిద్ధం చేసిన భోజనానికి ఆగకుండా జీపెక్కాడు. నాలుగింటికి వ్యాను వచ్చింది. అందరూ కట్లు విప్పి పారేసి, పొట్లాలు పట్టుకుని ఎక్కారు. గురువమ్మాళ్ లేవలేదు.

“లే అక్కా, బండి పోతుంది,” అన్నాడు మేస్త్రీ.

“పోనీ. నేను రోగిని కదా? నీవే తెచ్చి పండబెట్టినావు.”

“రేపు వేలైకి నా వాకిట్లోకి వస్తావు కదా, అప్పుడు చెప్తా!”

“రానులే,” అని ఆమె గోడవైపు తిరిగింది. ప్లాస్టిక్ కిచమంది.

డ్యూటీ అయిపోయిన నర్సమ్మ బయటి మందుల షాపుకెళ్ళి దూది, గాజుగుడ్డ, మందు తెచ్చింది. నేను టీ కొట్టు నుంచి నీళ్ళు మోసుకొచ్చాను. కట్టు కట్టినంతసేపూ గురువమ్మాళ్ పళ్ళు బిగించుకుని నర్సమ్మ ఊరేదో, పిల్లలెందరో అడుగుతూ కూర్చుంది. మేము ఆఖరు బస్సుకు బయలుదేరేటప్పటికి ఆమె ఇద్దరు కూతుళ్ళు సంచీతో వచ్చారు.

మర్నాడు అధికారి ఆఫీసున్న విరుదునగర్‌కు బస్సు. అవతలివాళ్ళ జవాబు అడగకుండా ఒక్క అక్షరం అచ్చు వేయనని జక్కమ్మాళ్ పట్టు. మధ్యాహ్నం పరోటా కొట్టుకు వెళ్ళాము. ఇక్కడి పరోటా నూనెలో ఈతకొట్టి వస్తుంది. నాలాంటివాడు నాలుగు తినడం లోకధర్మం. ఆ రోజు ఒకటి తిని చేయి కడుక్కున్నాను.

మూడింటికి అధికారి గదిలోకి పిలిచారు. జక్కమ్మాళ్ తాను చూసినదంతా వరుసగా చెప్పి, మీ జవాబేమిటి సార్ అని అడిగింది. ఆయన ఆమెను గుర్తుపట్టాడు. “నేను చూసింది రాసి పైకి పంపాను. అంతకు మించి మాట్లాడను,” అన్నాడు. మేము లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అడిగాడు: “ఆవిడ ఇంకా అక్కడే ఉందా?”

“ఉండారు సార్.”

ఆయన ఫోనెత్తి డాక్టరుకు కలపమన్నాడు. “ఆ మంచం మీద మనిషిని ఎవరూ లేపకూడదు,” అన్నాడు. అంతే విన్నాము.

సాయంత్రం చెన్నై బండిలో కిటికీ పక్క చోటు దొరికింది. వచ్చేటప్పుడు ఈ ప్రయాణం మీద మీరు పొట్టచెక్కలయ్యేలా నవ్వే వ్యాసం రాయాలనుకున్నాను. సర్కారు సొమ్ము వృథా అనే మాట మనం పేపర్లో రోజూ చదివి పక్కన పెట్టేస్తాం. అది పన్నెండు మెత్తటి మంచాల రూపంలో ఉంటుందని, వాటి పక్కనుంచే ఒక మనిషిని చావుకు మోసుకుపోయారని నాకు ఇన్నేళ్ళూ తోచలేదు. ఆ వైపు వెళ్ళేవారు మిఠాయి తినండి, పరోటా తినండి. దారిలో ఏ ఆస్పత్రి తళతళలాడుతూ కనిపించినా, లోపలికి తొంగి చూడండి.

మదురై దాటాక జక్కమ్మాళ్ ఫోన్ చేసింది. మేస్త్రీ అన్నంత పనీ చేశాడు, పెట్టెల పని ఆపేశాడు. గురువమ్మాళ్ పేరుతో, ఫోటోతో పత్రిక రేపు వస్తుంది. ఇంకో వార్త కూడా ఉంది. ఆ మధ్యాహ్నం ఒక షెడ్డులో చేతులు కాలిన మనిషిని ఆటోలో తెచ్చారట. నేరుగా లోపలికి తీసుకుపోయి, వాకిలి పక్కన రెండో మంచం మీద పడుకోబెట్టారట.

“వాచ్‌మాన్ ఏమీ అనలేదా?” అన్నాను.

“ఏమంటాడన్నా? లోపల మనిషి పండుకోనుంటే బీగం ఎట్ల ఏస్తాడు?”