జకే గారి నిన్నటి పిల్లాడు

మాద్మొజెల్ ఓర్తాన్స్ జకే జన్మలో ఎవరితోనూ "మీరు పొరబడ్డారు" అన్నది లేదు. జెనీవాలో ఆమెను ఎరిగిన వాళ్ళంతా ఒట్టేసి చెప్పగల సంగతి అది. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే తల కాస్త పక్కకి వంచి, "నిన్న ఒక పిల్లాడు ఇంకోలా చెప్పాడండీ. మీరేమంటారు?" అనేది.

ఆ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. విశ్వవిద్యాలయం తరఫున బడులు తిరిగి పిల్లలకు చిన్న చిన్న పరీక్షలు పెట్టడం ఆమె పని. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో దానిమ్మ షర్బత్ సమంగా పోసేది. పిల్లాడు చూస్తుండగానే ఒక గ్లాసులోది సన్నగా, పొడుగ్గా ఉన్న ఇంకో గ్లాసులోకి వంచి, "ఇప్పుడు దేన్లో ఎక్కువుంది?" అని అడిగేది. "పొడుగుదాన్లో" అంటే, "రెండూ సమానమేనని నిన్న ఒక పిల్లాడన్నాడే?" అనేది. "సమానం" అంటే, "పొడుగుదాన్లోనే ఎక్కువని నిన్న ఒకడన్నాడే?" అనేది. పిల్లల మనసులో నిజంగా ఏముందో పైకి లాగే ఉపాయం అది. తప్పొప్పులు మాత్రం చెప్పేది కాదు. పరీక్షయ్యాక ఇద్దరూ చెరో గ్లాసూ తాగేసేవాళ్ళు.

సాయంత్రం పని ముగిసినా, ఆ పిల్లాడు ఆమె వెంటే ఇంటికి బయల్దేరేవాడు. కసాయి "లేత మాంసం, తీసుకోండి" అంటే, అదే మాంసం తిని నిన్నటి పిల్లాడికి దవడ నొప్పి పుట్టేది. గడియారాలు బాగుచేసే దుబియే ఒకసారి మోకాలి మీద కూర్చుని, తనను పెళ్ళాడమని అడిగాడు.

"ఒంటరి మగాడికి పెళ్ళాంకన్నా పిల్లి మేలని నిన్న ఒక పిల్లాడన్నాడండీ. మీరేమంటారు?"

దుబియే ఆ మోకాలి మీదే చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు పిల్లిని తెచ్చుకున్నాడు. ఇప్పటికీ ఆమె ఎదురైతే టోపీ తీసి కృతజ్ఞతలు చెబుతాడు.

ఈ పిల్లాడి ఊసెత్తితే ఒళ్ళు మండేది పెరోషే మేష్టారికి. ఆయన తరగతిలో అసుంతా అని ఆరేళ్ళ పిల్ల ఉంది. ఇటలీ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ కూతురు. మాట ఇంకా తడబడేది. పొడుగు గ్లాసులోనే షర్బత్ ఎక్కువుందని మాత్రం తడబడకుండా చెప్పింది.

"చూశారుగా! పండగ కాగానే వెనకబడ్డ పిల్లల తరగతికి పంపేస్తాను" అన్నాడు మేష్టారు. అక్కడికి పోయిన పిల్లలెవరూ మళ్ళీ ఈ గుమ్మం తొక్కింది లేదు.

"ఆ వయసులో అలా అనడమే సహజమని నిన్న ఒక..."

"ఆ వెధవని ఒకసారి తీసుకురండి, చెవి మెలిపెడతాను! ఇన్నేళ్ళ నుంచీ పిల్లాడు, పిల్లాడు అంటున్నారు. వాడు పెరగడా?"

"పెరగడండీ" అంది జకే దిగులుగా. "తిండి సరిగ్గా తినడు."

డిసెంబరులో ఎస్కలాడ్ పండగ వచ్చింది. ఒకప్పుడు రాత్రివేళ గోడలెక్కి వచ్చిన శత్రువుల నెత్తిన ఒకావిడ వేడి సూప్ కుండ కుమ్మరించి జెనీవాని కాపాడిందని చేసుకునే పండగ అది. బల్ల మీద చాక్లెట్‌తో చేసిన కుండ, దాని నిండా బాదం ముద్దతో చేసిన బుల్లి క్యారెట్లు, బఠానీలు. గదిలో అందరికన్నా పెద్దవాళ్ళూ, అందరికన్నా చిన్నవాళ్ళూ చేతులు కలిపి దాన్ని పగలగొట్టాలి. చిన్నది అసుంతా. పండగ చూడ్డానికి జకే వచ్చింది గానీ, ఆమె వయసు అడిగే ధైర్యం ఎవరికీ లేదు గనక పెద్దవాళ్ళ వంతు మేష్టారికే వచ్చింది.

"రిపబ్లిక్ శత్రువులు ఇలాగే నాశనమయ్యారు!" అని ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ అరిచి చేతులు దించారు.

కుండ భళ్ళుమంది. క్యారెట్లూ బఠానీలూ రెప్పపాటులో పిల్లల నోళ్ళలోకి పోయాయి. ముక్కలన్నీ పళ్ళెంలో పేర్చిన మేష్టారు పంచబోతూ ఆగిపోయాడు. పళ్ళెం అడుగు కూడా సరిగ్గా నిండలేదు.

"అంత కుండ! పగిలితే ఇంతేనా? ఎవరో కాజేశారు."

ఆయన చూపు తిన్నగా పోయి, కుండకు అందరికన్నా దగ్గరున్న పిల్ల మీద వాలింది. "అసుంతా, జేబులు చూపించు."

అసుంతా ఒక అడుగు వెనక్కి వేసింది. మేష్టారి వెనక చిన్న దగ్గు వినిపించింది.

"కుండ పగిలినా చాక్లెట్ అంతే ఉంటుందని నిన్న ఒక పిల్లాడన్నాడండీ. మీరేమంటారు?"

మేష్టారు నోరు తెరిచేలోపే అసుంతా అందుకుంది. "అవును మేష్టారూ, అంతే ఉంది! లోపలివి మేం తినేశాం. మిగతాది బోలు. బోలు పోయింది, అంతే!" అంటూ ఖాళీ జేబులు రెండూ బయటికి లాగి చూపించింది.

మేష్టారు రెండు ముక్కలు తీసి అంచులు కలిపి చూశాడు. కుండ బొజ్జ మళ్ళీ ఉబ్బింది. లోపలంతా గాలి. ఆయన చెవులు కందిపోయాయి. ఇక తరగతి గొల్లుమంటుందని తల దించుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. మేష్టారు పొరబడ్డాడని ఎవరన్నారు గనక? ఎవడో పిల్లాడు ఏదో అన్నాడు, మేష్టారు ఆలోచిస్తున్నాడు. ఆలోచించే మనిషిని చూసి ఎవరు నవ్వుతారు?

ఓహో, అనుకున్నాడు పెరోషే. ఇన్నేళ్ళూ ఆ వెధవ చేస్తున్న పని ఇదన్నమాట.

"వాడు... సబబుగానే చెప్పాడు" అని పళ్ళెంలోకెల్లా పెద్ద ముక్క ఏరి అసుంతా చేతిలో పెట్టాడు. "ఊరికే నిన్ను అనుమానించానమ్మా."

బడి వదిలాక జకే కోటు తొడుక్కుంటుంటే ఆయన వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మాద్మొజెల్, ఇందాక నాకూ ఒక పిల్లాడు కనిపించాడు."

"అలాగా! ఏమంటాడు?"

"అసుంతాని నా తరగతిలోనే ఉంచమంటాడు."

"మీరేమన్నారు?"

"సరేనన్నాను. వాడితో ఎవరు వాదిస్తారు?" అని కాగితంలో చుట్టిన చాక్లెట్ ముక్క ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మీ వాడికి. తిండి సరిగ్గా తినడన్నారుగా."

జకే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల కాస్త పక్కకి వంచింది.

"రెండు ముక్కలు చేసి ఇస్తానండీ. ఎక్కువుందని మురిసిపోతాడు."